యాడ్-ఆన్ కార్డుతో పిల్లల సిబిల్ స్కోరు పెరగదు

"పిల్లలకు పదహారేళ్లు రాగానే మీ క్రెడిట్ కార్డు మీద యాడ్-ఆన్ కార్డు తీసివ్వండి. ఇప్పటినుంచే సిబిల్ స్కోరు మొదలవుతుంది. యాభై రోజులు వడ్డీ ఉండదు. ఇబ్బందైన నెల మినిమమ్ కడితే చాలు. లిమిట్ పెడితే భయమే లేదు." తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తెగ తిరుగుతోంది. యాడ్-ఆన్ అంటే మీ కార్డు ఖాతా మీదే ఇంట్లో మరొకరి పేరున ఇచ్చే అదనపు కార్డు. సిబిల్ స్కోరు అంటే అప్పులు ఎంత సక్రమంగా తీరుస్తున్నారో చెప్పే మార్కు. ఈ సలహా నమ్మి కార్డు ఇచ్చే ముందు ఒక్కో మాటా చూడండి.

స్కోరు సంగతి. అమెరికాలో ఆథరైజ్డ్ యూజర్‌గా (మన యాడ్-ఆన్ లాంటిదే) చేర్చిన పిల్లల పేరు మీద కూడా చాలా బ్యాంకులు ఆ ఖాతా వివరాలను క్రెడిట్ బ్యూరోలకు, అంటే అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకు పంపుతాయి. అక్కడున్న మనవాళ్లు చెప్పేది అక్కడికి నిజమే. ఇక్కడ యాడ్-ఆన్ కార్డు బాకీకి బాధ్యత అసలు కార్డుదారుదేనని ఆర్‌బీఐ ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. వాడకమైనా, ఎగవేతైనా మీ క్రెడిట్ రిపోర్టులోకే వెళ్తుంది. అబ్బాయి ఖర్చు మితిమీరితే పడేది నాన్న స్కోరే.

యాభై రోజులన్నది ఎక్కువలో ఎక్కువ. బిల్లు తేదీ 10, గడువు 30 అనుకోండి. జూన్ 11న కొన్నదానికి జులై 30 దాకా 49 రోజులు దొరుకుతాయి. జులై 9న కొన్నదానికి 21 రోజులే. ఏటీఎంలో నగదు తీస్తే ఒక్కరోజు గడువు కూడా ఉండదు, పైగా విడిగా ఫీజు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మినిమమ్ మాట, అంటే బిల్లు మొత్తం కట్టలేకపోతే కనీసంగా కట్టాల్సిన భాగం. జూన్ 15న 20,000 పెట్టి ఫోన్ కొన్నారు. బిల్లులో మినిమమ్ 5 శాతం, అంటే 1,000. జులై 30న అంతే కట్టారు. ఆ క్షణం వడ్డీ లేని గడువు రద్దవుతుంది. మిగిలిన 19,000 మీద కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కేస్తారు. ఆగస్టు 10 బిల్లుకు 56 రోజులు, ఏడాదికి 42 శాతం చొప్పున సుమారు 1,224. దాని మీద 18 శాతం జీఎస్టీ 220. కట్టింది వెయ్యి, మీద పడింది 1,444. బాకీ తగ్గకపోగా పెరిగింది. అంతేకాదు, పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్న ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ.

పిల్లలకు శాతాల్లో చెబితే తలకెక్కదు. నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అని చెప్పండి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తేవడానికే ఇంట్లో ఎంత ఆలోచిస్తారో వాళ్లు చూసే ఉంటారు.

లిమిట్ విషయంలో కొంత నిజముంది. యాప్‌లో ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ లావాదేవీలను విడివిడిగా ఆపేయొచ్చు. ట్యాప్, అంటే కార్డును మెషీన్‌కు తాకించి కట్టడం, తప్పక ఆపండి, 5,000 దాకా పిన్ అడగదు. కానీ ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చేలా ఉంటే, పిల్లలు అడిగినప్పుడల్లా మీరు ఫోన్‌లో చదివి చెప్పాల్సి వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న పాఠం అక్కడే పోతుంది.

పద్దెనిమిది లోపు నేర్పాల్సింది కార్డు గీయడం కాదు, బిల్లు చదవడం. ప్రతి నెలా మీ స్టేట్‌మెంట్ ముందేసుకుని బిల్లు తేదీ, గడువు, మొత్తం బాకీ, మినిమమ్ బాకీ వాళ్లచేతే వెతికించండి. మినిమమ్ మాత్రమే కడితే వచ్చే నెల ఎంతవుతుందో వాళ్లే లెక్కగట్టాలి. ఖర్చుకు పొదుపు ఖాతా, రోజువారీ పరిమితి పెట్టిన డెబిట్ కార్డు చాలు. పదేళ్లు దాటిన మైనర్లు సొంతంగా ఖాతా నడుపుకునేందుకు ఆర్‌బీఐ అనుమతి ఉంది. నిబంధనలు బ్యాంకును బట్టి ఉంటాయి.

పద్దెనిమిది నిండాక వాళ్ల పేరు మీదే 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీతో కార్డు తీసుకోనివ్వండి. జీతం పత్రాలు సాధారణంగా అడగరు. స్కోరు మొదలయ్యేది ఇక్కడ. లిమిట్‌లో 30 శాతం దాటకుండా రీచార్జి, పుస్తకాల వంటివి కొంటే చాలు. ఆటోపే పెట్టేటప్పుడు 'మినిమమ్ అమౌంట్ డ్యూ', 'టోటల్ అమౌంట్ డ్యూ' అని రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. టోటల్‌నే ఎంచుకోవాలి. బిల్లు ఎగ్గొడితే బ్యాంకు డిపాజిట్‌లోంచి రాబట్టుకుంటుంది, అయినా ఆలస్యం మచ్చ రిపోర్టులో మిగులుతుంది. సిబిల్ సహా నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి ఉచితంగా పూర్తి రిపోర్టు ఇస్తాయి. ఆరు నెలలయ్యాక ఒకటి తెప్పించి, కట్టిన తేదీలు సరిగ్గా నమోదయ్యాయో లేదో వాళ్లచేతే సరిచూపించండి.