సోషలిజం గారికి, ఆదివారం పోగొట్టుకున్నవాడు వ్రాయునది

సోషలిజం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. అలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఇటువైపు కుశలమే ఉంటే మీ గడప ఎందుకు తొక్కుతాను? అటువైపు సంగతంటారా, మీరు 1991లోనే, సోవియట్ యూనియన్ కూలినప్పుడే కాలం చేశారని పెద్దలు చెప్పారు. మాలో చాలామంది పుట్టిందే ఆ తర్వాత. కడచూపు కూడా దక్కలేదు. అంతకు రెండేళ్ల ముందే ఫ్రాన్సిస్ ఫుకుయామా అనే పెద్దమనిషి చరిత్ర ముగిసిందా అని ఒక వ్యాసం రాశాడు. శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టాడు పాపం. ఆ గుర్తును తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు చూస్తే మీరే ఎక్కడ చూసినా. 2018లో గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు అమెరికాలో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లను అడిగితే 51 శాతం మంది మీ మీద మంచి అభిప్రాయమే ఉందన్నారు. పెట్టుబడిదారీ విధానానికి ఆ వయసు వాళ్ల దగ్గర దక్కింది 45 శాతం. మీ పేరు తిట్టుగా వాడే దేశంలో! 2025 నవంబరులో అక్కడే, నేను డెమొక్రటిక్ సోషలిస్టునని బాహాటంగా చెప్పుకునే 34 ఏళ్ల జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ మేయరుగా గెలిచాడు. అద్దెలు పెరగనివ్వను, బస్సుల్లో టికెట్ తీసేస్తాను అన్నాడు, జనం ఓట్లేశారు.

అయ్యా, పొంగిపోకండి. ఇందులో మీ చెమట చుక్క కూడా లేదు. మమ్మల్ని మీ దగ్గరికి పంపింది అవతలివాళ్లే. 2008లో బ్యాంకులు మునిగితే ప్రభుత్వాలు పరుగున వెళ్లి ఒడ్డుకు లాగాయి. లాభాలొచ్చినప్పుడు ఎవరి లాభం వారిది, నష్టమొచ్చినప్పుడు మాత్రం అందరం పంచుకోవాలి. సగం సోషలిజం అప్పుడే వచ్చేసింది, ఆ నష్టాల సగం. మా ఆఫీసులో అయితే 'మనమంతా ఒకే కుటుంబం' అన్న మెయిలూ, కుటుంబం నుంచి కొందరిని తీసేస్తున్నామన్న మెయిలూ ఒకే వారంలో వచ్చాయి. మార్క్స్ 'పెట్టుబడి' మూడు సంపుటాలు చదివి మీ వైపు తిరిగానని ఎవరితోనూ చెప్పకండి. నేను చదివింది నా అపాయింట్‌మెంట్ లెటరు ఒక్కటే. అదీ చివరి పేజీ వరకూ.

అలా వచ్చినవాడిని, మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మీ వాళ్ల సమావేశానికి వెళ్లాను.

ఎజెండా కాగితం చేతికిచ్చారు. ఒకటి, ప్రస్తుత పరిస్థితి. రెండు, గత సమావేశపు మినిట్సు. మూడు, కరపత్రం. నాలుగు, అధ్యయన తరగతులు. ఐదు, అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు. నా పక్క కుర్చీలో ఒక డెలివరీ అబ్బాయి కూర్చున్నాడు, ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని. అతని సంగతి ఐదో అంశంలో ఉందట.

మూడుంపావుకి వక్త లేచాడు. ప్రస్తుత పరిస్థితిని 1848 నుంచి, అంటే కమ్యూనిస్టు ప్రణాళిక వచ్చిన ఏడాది నుంచి మొదలుపెట్టాడు. 'పెట్టుబడి' మొదటి సంపుటం వచ్చిన 1867 వచ్చేసరికి మూడూ నలభై అయింది. రష్యా విప్లవపు 1917 వచ్చేసరికి నాలుగూ నలభై. నేను లెక్క కట్టాను, గంటకి యాభై ఏళ్ల వేగం. ఎర్ర బస్సు కూడా ఇంకాస్త తొందరగా పోతుంది. ఒక్క స్టాలిన్ కాలపు 1930ల దగ్గర మాత్రం ఆయన ఏ స్టాపులోనూ ఆపకుండా లాగించాడు. చెయ్యెత్తి అడిగాను. చారిత్రక సందర్భంలో చూడాలి కామ్రేడ్ అన్నాడు. 1937, 38 రెండేళ్లలోనే రమారమి 6,80,000 మందిని కాల్చి చంపినట్టు సోవియట్ ప్రభుత్వపు రికార్డులే చెబుతున్నాయి కదండీ, అంతమందికీ కలిపి ఒక్క సందర్భమేనా అన్నాను. మంచి ప్రశ్న, నాలుగో అంశం కింద అధ్యయన తరగతిలో పెడదాం అన్నారు. ఇంకో పాతికేళ్లకి ఆ తరగతికి నన్ను పిలుస్తారనుకుంటాను.

ఐదింటికి వక్త గడియారం చూసుకున్నాడు. సమయాభావం వల్ల ముగిస్తున్నానంటూ, ప్రస్తుత పరిస్థితికి రెండు నిమిషాలు కేటాయించాడు.

తర్వాత కరపత్రం. సోషలిజం గారూ, ఇక్కడ కాస్త స్థిమితంగా కూర్చోండి.

కరపత్రం డెలివరీ వాళ్ల గురించే. నాలుగే పేరాలు, బాగానే ఉంది. మొదటి వాక్యంలో 'డెలివరీ కార్మికులు' అని ఉంది. కళ్లజోడాయన లేచి, కార్మికుడంటే కర్మాగారం స్ఫురిస్తుంది, శ్రామికులు అందాం అన్నాడు. వెనక వరసలోంచి ఒకావిడ, శ్రామికులంటే జీతగాళ్లే వస్తారు, బండి సొంతం, పెట్రోలు సొంతం అయినవాళ్లు రారు, శ్రమజీవులు అందాం అంది. శ్రమజీవి అంటే వర్గ స్పష్టత లేదని ఇంకొకరు. అనిశ్చిత శ్రామికవర్గం అని మరొకరు, ఆ మాట పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి. కంపెనీ వాళ్లను 'పార్ట్‌నర్' అంటోంది, ఆ మాటకి ప్రతిగా మన మాట ఉండాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదని అధ్యక్షులు తేల్చారు. నిజమే, చిన్న విషయం కాదు. కార్మికుడా, స్వయం ఉపాధి దారుడా అన్న ఒక్క మాట మీదే కోర్టుల్లో అతని సెలవులూ, కనీస వేతనమూ వేలాడుతుంటాయి. 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల కేసులో తేల్చింది అదే. కానీ అక్కడ ఆ మాట కోసం కొట్లాడింది డ్రైవర్లు. ఇక్కడ యాభై నిమిషాల్లో, నా పక్కన కూర్చున్నవాడిని నిన్ను నువ్వు ఏమనుకుంటావు బాబూ అని అడిగిన మనిషి ఒక్కరు లేరు. నేనూ అడగలేదు, అదొకటి.

ఇది మీ ఇంటి ఆచారమేనని నాకు తెలుసు. 1903లో బ్రస్సెల్స్‌లో మొదలై, పోలీసుల బెడదకు లండన్ మారిన రష్యన్ సోషల్ డెమొక్రాట్ల మహాసభ ఉంది కదా. పార్టీ సభ్యుడంటే ఎవరు అన్న ఒక్క వాక్యం మీద లెనినూ మార్తోవూ తెగతెంపులకు వచ్చారు. పార్టీ సంస్థలో స్వయంగా పాల్గొనేవాడు అని లెనిన్, సంస్థ అజమాయిషీలో స్వయంగా సాయపడేవాడు అని మార్తోవ్. ఓటింగు పెడితే 28–22తో మార్తోవ్ వాక్యమే నెగ్గింది. కానీ ఆ తర్వాత కొందరు అలిగి లేచిపోయారు. మిగిలినవాళ్లలో లెనిన్ పక్షానిది పైచేయి అయింది. దాంతో బోల్షివిక్కులు, అంటే మెజారిటీ వాళ్లు, అన్న పేరు వాళ్లకి శాశ్వతంగా అంటుకుపోయింది. మీ కొంపలో గెలుపు కుర్చీలోంచి లేవనివాడిదని నాకు అక్కడ అర్థమైంది.

ఆరింటికి హెల్మెట్ అబ్బాయి లేచాడు.

'అన్నా, ఆరున్నరకి నాకు స్లాటుంది. నా సంగతి ఒక్క రెండు నిమిషాలు...'

'వస్తుంది కామ్రేడ్, ఐదో అంశంలో వస్తుంది. ఒక పద్ధతి ఉంటుంది కదా.'

అతను సరేనని తలూపి, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను మెట్ల దాకా వెంట వెళ్లాను. సంగతి అక్కడ నిలబడి చెప్పాడు. నాలుగు నిమిషాలు పట్టింది. గురువారం పొద్దున లేచేసరికి అతని ఐడీ బ్లాక్ అయి ఉంది. ఆర్డరు అందలేదని ఎవరో కస్టమర్ ఫిర్యాదు. ఇచ్చిన ఫొటో ఉంది, టైము ఉంది, ఎవరికి చూపించాలో తెలియదు. సహాయం అన్న చోట నొక్కితే ఒక మర బొమ్మ మాట్లాడుతుంది. మీ అభ్యర్థన వరసలో ఉంది అంటుంది. మర్నాటికి మీ ఫిర్యాదు ముగించబడింది అంటుంది. అతను విప్లవం అడగలేదు. 'మనిషితో ఒక్కసారి మాట్లాడించే దారేదైనా ఉంటుందేమోనని వచ్చానన్నా' అన్నాడు, అంతే. ఇప్పుడు వేరే యాప్‌లో రాత్రి స్లాట్లు చేస్తున్నాడు.

యూరోపియన్ యూనియన్‌లో 2024లో ఒక ఆదేశం చేశారు. ప్లాట్‌ఫాంలో పనిచేసేవాళ్ల ఖాతా ఆపాలన్నా తీసెయ్యాలన్నా ఆ నిర్ణయం మనిషే తీసుకోవాలి, కారణం రాసివ్వాలి. సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 డిసెంబరు దాకా గడువు. ఆ సంగతి మన కరపత్రంలో మూడో పేరాలో ఉంది! అదీ నన్ను తినేస్తున్నది. అతనికి కావలసిన మాటే మన చేతిలోని కాగితం మీద ఉంది. ఆ కాగితం మీదే మనం యాభై నిమిషాలు కొట్టుకున్నాం. అతను మూడు గంటలు ఆ కాగితానికి మూరెడు దూరంలో కూర్చుని, చదవకుండా వెళ్లిపోయాడు.

నేను లోపలికి తిరిగొచ్చాను. ఏడున్నరకి ఐదో అంశం వచ్చింది. సంబంధిత వ్యక్తి హాజరు కానందున వాయిదా.

అలాగే మినిట్సులో రాశారు. హాజరు కానందున.

సోషలిజం గారూ, ఇక ఈ గారు నావల్ల కాదు. నువ్వు అంటాను. మూడు గంటలు కూర్చున్నవాడిని హాజరు కాలేదని రాస్తావా నువ్వు? ఆ యాప్‌కీ నీకూ తేడా ఏమిటి? అదీ మీ అభ్యర్థన వరసలో ఉంది అంది, నువ్వూ వరసలో ఉంది అన్నావు. అదీ ముగించేసింది, నువ్వూ వాయిదా వేశావు. అది మరబొమ్మ, దానికి సిగ్గుండదు. నీకేమైంది? మనిషి మొహం చూసి మాట్లాడటం తప్ప నీ దగ్గర అమ్ముకోవడానికి వేరే సరుకేముంది? డబ్బు అవతలివాళ్ల దగ్గరుంది, యాప్ అవతలివాళ్ల దగ్గరుంది, చివరికి చే గువేరా బొమ్మ ఉన్న టీషర్టు మీద లాభం కూడా వాళ్లదే. 1960లో ఆ ఫొటో తీసిన కోర్డా దానికి రాయల్టీ అడగలేదు. నీకు మిగిలింది ఆదివారం మధ్యాహ్నం ఒక గదీ, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలూ, వాటిలో ఒకదాంట్లో హెల్మెట్ పట్టుకుని కూర్చున్న అబ్బాయీ. అతన్ని కూడా నిలబెట్టుకోలేకపోయావు.

కుర్రకారు నా వైపు వస్తున్నారని మురిసిపోతున్నావు. వస్తున్నారు, నిజమే. వెనక తలుపు ఎప్పుడైనా చూశావా?

ఇంత తిట్టి కూడా ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అసలు ఈ ఆదివారం సెలవు నాకు ఎవరిచ్చారా అని ఆలోచిస్తూ పడుకున్నాను. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల సరదా, ఎనిమిది గంటల నిద్ర అని 1817 నాటికే రాబర్ట్ ఓవెన్ అన్నాడట, తానే ఒక మిల్లు నడుపుతూ. 1886 మే 1న చికాగోలో కార్మికులు దాని కోసం పని ఆపేశారు. మూడు రోజుల తర్వాత హేమార్కెట్‌లో బాంబు పేలింది. ఎవరు వేశారో తేలకుండానే, మరుసటేడు నలుగురిని ఉరి తీశారు. వాళ్లు నీ ఇంటివాళ్లు కారు, అసలు ప్రభుత్వమే వద్దనే పక్కింటి అనార్కిస్టులు అంటావేమో. ఇప్పుడు ఆ పేచీ పెట్టావంటే కొడతాను. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికగా రాసుకున్నది ఆ ఎనిమిది గంటలనే. 1921లో, ఏడు రోజులకి ఒక రోజు పూర్తి విశ్రాంతి అని ఇంకొకటి రాసుకుంది. అంటే మొన్న నువ్వు తినేసిన నా ఆదివారం ఉంది చూడు, దాన్ని నాకు సంపాదించిపెట్టినవాళ్లలో నీ వాళ్లూ ఉన్నారు. వాళ్లూ ఇలాంటి గదుల్లోనే కూర్చుని ఉంటారు. మధ్యలో ఎవడో ఒకడు 1848 నుంచి మొదలుపెట్టే ఉంటాడు. అయినా ఎలా సాధించారో ఆ మినిట్సు ఎక్కడైనా దొరికితే పంపు.

నిన్న గ్రూపులో మెసేజ్ వచ్చింది. వచ్చే ఆదివారం మూడింటికి సమావేశం. ఎజెండాలో కొత్తగా 'గత సమావేశంపై ఆత్మవిమర్శ' చేరింది. దాంతో హెల్మెట్ అబ్బాయి ఆరో అంశానికి దిగాడు. అతనిది మొదట పెడదాం అని నేను రాశాను. పదకొండు మంది పిడికిలి బొమ్మ పెట్టారు. కళ్లజోడాయన, ఎజెండా క్రమం మార్చాలంటే సమావేశంలోనే తీర్మానించాలి అని జవాబిచ్చాడు. ఆ తీర్మానం ఎన్నో అంశం కింద వస్తుందని అడిగాను. ఇంకా చెప్పలేదు.

అతని నంబరు మెట్ల మీద తీసుకున్నది నేనొక్కడినే. ఇంకో ఆదివారం స్లాటు వదులుకుని రా అని అడిగే మొహం నాకు లేదు. ఫోన్ చేసి స్పీకర్‌లో పెడతాను. కరపత్రం మూడో పేరా అతనికి ముందే ఫొటో తీసి పంపాను, చదివి, 'అన్నా, ఇది మన దగ్గర కూడా ఉందా' అని అడిగాడు. లేదు, అడగాలి అన్నాను. 'ఎవర్ని' అన్నాడు. అదే మాట ఆదివారం వాళ్లను అడగమన్నాను.

నేను మాత్రం రెండున్నరకే వస్తున్నాను. వచ్చి అధ్యక్షుల కుర్చీలో కూర్చుంటాను. 1903 నేనూ చదివాను, లేవను.

ఇట్లు,
సభ్యత్వ రసీదు ఇంకా చేతికందని
నీ కొత్త కామ్రేడ్