రమ్మంటే ఎలా?

అమీర్‌పేట చౌరస్తాలో వానాకాలం సాయంత్రం, వెనక సీట్లో భార్య, కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్, హ్యాండిల్‌కి కూరల సంచీ పెట్టుకుని పన్నెండేళ్లు స్కూటర్ నడిపినవాణ్ణి నేను. అలాంటి నన్ను పట్టుకుని మా తోడల్లుడు, "బ్రదర్, అక్కడివన్నీ ఘాట్ రోడ్లట. హాయిగా మాతోపాటు కార్లో వచ్చేయండి" అన్నాడు. అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది. అది పొడుచుకు రాకపోయుంటే ఈ కథ లేదు.

మేమూ, వాళ్లూ ఉండేది జర్మనీలో. జూలైలో నాలుగు రోజులు సెలవు కలిసొస్తే గ్రీసులోని మీలోస్ ద్వీపానికి వెళ్లాం. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఓడ ఎక్కాలి. ద్వీపం గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. ఎప్పుడో అగ్నిపర్వతం పేలి, మిగిలిన గుంతలోకి సముద్రం వచ్చి కూర్చుంది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో చేతుల్లేని వీనస్ పాలరాతి విగ్రహం ఉంది చూడండి, ఆవిడ పుట్టిల్లు ఇదే. 1820లో ఇక్కడి రైతొకాయనకి తవ్వకాల్లో దొరికింది. చేతులు వదిలేసి మనిషి మాత్రం పారిస్ వెళ్లిపోయింది. ఈ ఊళ్లో వస్తువులు పోగొట్టుకోవడమనే ఆనవాయితీ అప్పటికే ఉందన్నమాట.

ఆదమాస్ అని రేవు ఊరు. అక్కడ స్కూటర్లు అద్దెకిచ్చే షాపు ముందు నిలబడ్డామో లేదో, లోపల్నించి ఒకాయన చెయ్యూపుతూ "ఎలా! ఎలా!" అన్నాడు.

నేను ఆగిపోయాను. ఎలా ఏంటి? ఇంకా ఏమీ అడగందే ఎలా అంటాడేంటి? "ఎలా అంటే... రోజుకింత అని ఇస్తారు కదండీ" అని తెలుగులోనే గొణిగాను. మా ఆవిడ ఫోన్‌లో చూసి చెప్పింది: గ్రీకులో ఎలా అంటే రా అని. ఆయన పాపం లోపలికి రమ్మంటున్నాడు.

నా జర్మన్ కారు లైసెన్సు మీద 50 సీసీ బండికి మించి ఇవ్వనన్నాడు. అది కాకపోతే నాలుగు చక్రాల బండి ఉందన్నాడు. దాన్ని వీళ్లు ముద్దుగా గురూనా అంటారట. అంటే ఆడపంది. "వరాహస్వామికి దణ్ణం పెడతాను గానీ, ఎక్కి ఊరేగను" అని మా ఆవిడ తేల్చేసింది. అలా 50 సీసీ స్కూటర్ ఖాయమైంది.

ఆయన కౌంటర్ మీద మ్యాప్ పరిచాడు. ద్వీపంలో పడమటి సగాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. అక్కడన్నీ మట్టిరోడ్లు, ఏదైనా అయితే ఇన్సూరెన్సు రాదు. తర్వాత వేలు పైకెత్తి "మెల్టెమి" అన్నాడు. ఎండాకాలంలో ఉత్తరం నుంచి వీచే గాలి. ఇవాళ గట్టిగా ఉంది కాబట్టి దక్షిణం వైపు బీచ్‌లకి వెళ్లండి, ఫిరిప్లాకా, పాలియోహోరీ, అని రెండు సున్నాలు చుట్టాడు. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. అంతా అర్థమైంది కూడా. కానీ మా తోడల్లుడి కారు దక్షిణానికే వెళ్తోంది. కాబట్టి మేం ఉత్తరానికి బయల్దేరాం.

ముందు ప్లాకా. కొండ మీది ఊరు, ద్వీపానికి అదే రాజధాని. తెల్లటి ఇళ్లు, పైన పాడుబడిన కోట. రేవులోంచి ఎక్కుడు మొదలైంది. స్పీడ్ ముల్లు నలభై దగ్గర్నించి ముప్పైకి, అక్కణ్ణించి ఇరవైకి దిగింది. పన్నెండు దగ్గర ఓ సైకిల్ ఆయన మమ్మల్ని దాటుకుని వెళ్తూ చెయ్యూపాడు. మర్యాదస్తుడు. చివరికి ఓ మలుపులో ఇంజను ఆయాసపడి, మా పెద్దత్త మోకాళ్ల నొప్పితో మెట్లెక్కుతున్నట్టు ఒక మూలుగు మూలిగింది.

"దిగనా?" అంది మా ఆవిడ.

"ఒక్క మలుపే."

ఒక్క మలుపు కాదు, నాలుగు. ఆవిడ దిగితే బండి ఎక్కింది, ఆవిడ ఎక్కితే బండి దిగింది. నేను ముందు వెళ్లి పైన ఆగడం, ఆవిడ హెల్మెట్ చంకన పెట్టుకుని నడిచి రావడం. ఆ గాలికి ముడి ఊడిపోయి జుట్టంతా మొహం మీదే ఉంది. ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకున్న ముసలాయన ఆవిణ్ణి చూసి, చెయ్యి కిందికీ పైకీ ఆడిస్తూ, "సిగా, సిగా" అన్నాడు.

మా ఆవిడ నా దగ్గరికి వచ్చి రగిలిపోయింది. "నా సిగ ఊడిపోతే ఆయనకెందుకండీ?"

సిగా సిగా అంటే మెల్లగా, నింపాదిగా అని. ఈసారి ఫోన్‌లో చూసింది నేను. "మరి ఆ మాట బండికి చెప్పక్కర్లేదు, అది ఆ పనిలోనే ఉంది" అంది.

ప్లాకా నుంచి దిగి సరకినికో వైపు వెళ్లాం. మెల్టెమి సంగతి అప్పుడు తెలిసింది. గాలి పక్కనించి తోస్తుంటే బండి తెల్లగీత మీదికి జరిగిపోతోంది. మా ఆవిడ నా చొక్కాని రెండు చేతులా పిడికిట పట్టుకుంది. అది ప్రేమ కాదని నాకు తెలుసు.

సరకినికో గురించి ఒక్క ముక్క చెప్పాలి. సారసెన్ సముద్రపు దొంగల పేరు మీద వచ్చిన పేరంటారు. ఇసుక బీచ్ కాదు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి రాయైంది, ఆ రాయిని గాలీ అలలూ అరగదీసి నున్నగా చేశాయి. ఎటు చూసినా తెలుపు. గ్రైండర్‌లోంచి ఇడ్లీ పిండి పొంగిపొర్లి, వంపులు తిరిగి, అలాగే ఎండిపోయినట్టుంటుంది. మధ్యలోంచి నీలం నీళ్లు. చెట్టు లేదు, నీడ అసలే లేదు. నల్ల కళ్లద్దాలు లేకపోతే కళ్లు తెరవలేం.

పైన రోడ్డు వారన బండి ఆపాను. ఈత నిక్కరేసుకుని, బనీను తీసేసి, భుజాన తువ్వాలు వేసుకుని సిద్ధమయ్యాను. గాలి కదా, బయట ఏది పెట్టినా ఎగిరిపోతుందని సర్వమూ సీటు కింద పెట్టేశాను. రెండు ఫోన్లు, పర్సు, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్, నల్ల కళ్లద్దాలు, నీళ్ల సీసా, నా చెప్పులు, నా చొక్కా. సీటు మూతపడలేదు. చొక్కా ఇటు కుక్కితే చెప్పు అటు లేస్తోంది. ఒక చేత్తో అయ్యే పని కాదు. చేతిలో తాళంచెవి ఉంది. దాన్ని ఒక్క క్షణం చొక్కా మీద పెట్టాను. రెండు చేతులతో చెప్పుల్ని అదిమాను, సీటు వేశాను, మూతపడకపోతే మీదెక్కి కూర్చున్నాను.

టక్.

ఆ చప్పుడు ఎంత బాగా వినిపించిందంటే, అంత గాలిలోనూ మా ఆవిడ ఇటు తిరిగింది.

"తాళం ఏదండీ?"

జేబుల్లేని నిక్కర్ని నేను అన్నివైపులా తడుముకున్నాను.

హైదరాబాద్‌లో అయితే ఇది సమస్యే కాదు. వీధి చివర పంక్చర్ షాపు కుర్రాడు స్క్రూడ్రైవర్ తెచ్చి, సీటు అంచు పట్టుకుని ఒక గుద్దు గుద్దితే తెరుచుకుంటుంది. ఇరవై రూపాయలిస్తే చాలు. నేనూ గుద్దాను. ఎడం వైపు, కుడి వైపు, మధ్యలో. మా ఆవిడ చున్నీకున్న పిన్నీసు తీసి తాళం కన్నంలో పెట్టి తిప్పింది. పిన్నీసు వంకర పోయింది. సీటు అంచు లాగి చెయ్యి దూర్చి చూశాం. నాలుగు వేళ్లు వెళ్లాయి, చొక్కా గుండీ తగిలింది. గుండీ తగలడం వరకే ప్రాప్తం.

ఈలోగా కాళ్లు. చెప్పులున్న మనిషికి నేల ఉంటుందని కూడా గుర్తుండదు. చెప్పుల్లేనివాడికి ఎండలో కాలిన తారు పెనమే. తువ్వాలు పరిచి దాని మీద నిలబడ్డాను. ఒంటి మీద తువ్వాలు లేదు కాబట్టి వీపు కాలడం మొదలైంది. వీపున కప్పుకుంటే కాళ్లు కాలుతున్నాయి. ఒకవైపు కాలాక రెండోవైపు తిప్పే పెసరట్టు గతి పట్టింది నాకు. సముద్రం కనిపిస్తూనే ఉంది, చల్లగా, కింద. "మీరు బండి దగ్గరుండండి" అని మా ఆవిడ ఒక్కతే దిగి చూసొచ్చింది. వచ్చి, "బ్రహ్మాండంగా ఉందండీ" అంది. అంత దూరం వెళ్లి సరకినికోలో మాకున్న ఫోటోలు సున్నా.

అక్కడికి కాస్త దూరంలో కారు డిక్కీ తెరిచి, ఆ నీడలో ఓ ముసలి దంపతులు కూర్చుని పుచ్చకాయ తింటున్నారు. ఆ మామ్మ మమ్మల్ని చాలాసేపు చూసింది. తర్వాత సీసా పైకెత్తి, "నెరో?" అంది.

మా ఆవిడ చెవులు నిక్కబొడుచుకుంది. "ఏమండీ, ఆవిడ నీరు అంటోంది!"

నిజంగానే నీళ్లే. గ్రీకులో నీళ్లని నెరో అంటారు. తాజా నీళ్లు అనే పాత గ్రీకు మాటలోంచి వచ్చిందట, మన నీరుతో చుట్టరికమేమీ లేదు. కానీ ఆ ఎండలో చుట్టరికాలు ఎవరు విచారిస్తారు? మా ఆవిడ వెళ్లి ఆ మామ్మ పక్కన కూర్చుంది. మామ్మ పుచ్చకాయ ముక్క చేతిలో పెట్టి "కర్పూజీ" అంది. "పుచ్చకాయని పట్టుకుని ఖర్బూజా అంటుందేంటి?" అని అడుగుతూనే మా ఆవిడ మూడు ముక్కలు తినేసింది.

సీటు చూపించి, తాళం తిప్పినట్టు చెయ్యి తిప్పి, ఆకాశం చూపించి నేను నా కష్టం చెప్పుకున్నాను. తాతగారు వెంటనే గ్రహించి తన ఫోన్ ఇచ్చారు. షాపు నంబర్ హెల్మెట్ మీద స్టిక్కర్‌లో ఉంది. ఈ రోజు మాకు పనికొచ్చిన సామాను అదొక్కటే.

రెండు రింగులయ్యాక అవతలి నుంచి, "ఎలా!"

పొద్దున పాఠం నేర్చుకున్నాను కదా. ఎలా అంటే రా. "రాలేనండీ, అందుకే ఫోన్ చేశాను" అన్నాను ఇంగ్లీషులో.

"ఎలా?"

"అదే చెప్తున్నా, నేను రాలేను! బండి లేదు! నువ్వే రావాలి!"

"ఎలా, ఎలా..."

"కాళ్లు కాలుతున్నాయయ్యా, ఎలా వస్తాను!" ఇది తెలుగులోనే వచ్చేసింది.

తాతగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఫోన్ తీసుకుని రెండు ముక్కల్లో సంగతంతా చెప్పేశారు. ఇక్కడ ఫోన్ ఎత్తగానే హలోకి బదులు కూడా ఎలా అనే అంటారట. అవతల ఆయన హలో అంటున్నాడు, నేను రానంటున్నాను.

ఇరవై నిమిషాలకి షాపాయన పెద్ద మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. జేబులోంచి రెండో తాళంచెవి తీసి సీటు తెరిచాడు. పైనే, నా చొక్కా మీద, మొదటి తాళంచెవి పూజలో పెట్టినంత పద్ధతిగా ఉంది. ఆయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఈ వారంలో నాది మూడోదని మూడు వేళ్లు చూపించాడు. "మిగతా ఇద్దరూ మనవాళ్లేనంటారా?" అంది మా ఆవిడ. మ్యాప్‌లో తను సున్నాలు చుట్టిన చోటు మీద మళ్లీ వేలు పెట్టి, నా మొహంలోకి చూసి, "సిగా సిగా" అని వెళ్లిపోయాడు.

ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో ఫిరిప్లాకా నుంచి ముప్పై ఎనిమిది ఫోటోలు. గాలి లేదు, అలలు లేవు, మా తోడల్లుడు నడుం లోతు నీళ్లలో చేతులు చాపి నిలబడ్డాడు. కింద మెసేజ్: "బ్రదర్, స్కూటర్ ఎలా?"

మా ఆవిడ వంకర పిన్నీసుని పంటితో సరిచేసి, తాళంచెవి రింగులోంచి దూర్చి, నా చొక్కాకి ఎడమ వైపు గుచ్చింది. ఎల్‌కేజీ పిల్లాడికి చేతిరుమాలు పెట్టి పంపినట్టు. మిగిలిన మూడు రోజులూ అది అక్కడే ఉంది. బండి ఆపిన ప్రతిసారీ ఆవిడ నా గుండె మీద చెయ్యి వేసి చూసేది, తాళం కోసం.

క్లీమాలో, నీటి అంచున రంగురంగుల తలుపులున్న జాలర్ల ఇళ్ల ముందు, అందరం కలిసి దిగిన ఫోటో ఒకటే మిగిలింది. అది గ్రూపులో పెట్టిన ఐదు నిమిషాలకి మా అత్తగారు కాకినాడ నుంచి అడిగింది: "అల్లుడుగారి చొక్కాకి ఆ పతకం ఏంటమ్మా?"

మా తోడల్లుడు టైప్ చేస్తున్నాడు. చాలాసేపటి నుంచి టైప్ చేస్తూనే ఉన్నాడు.