వేపచెట్టు కింది స్పీడ్ గన్ గారికి

అయ్యా,

మన పరిచయం ఎప్పుడైందో నాకు సరిగ్గా గుర్తులేదు గానీ మీకు నిమిషంతో సహా గుర్తుంది. ఆదివారం పొద్దున 11 గంటల 8 నిమిషాలకి, విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక. ఫోటో కూడా తీశారు. నేను స్టీరింగు పట్టుకుని ఉన్నాను, పక్క సీట్లో మా ఆవిడ అరటిపండు తొక్క తీస్తోంది. మా పెళ్లి ఆల్బంలో కూడా మేమిద్దరం ఇంత సహజంగా పడలేదండీ. కాకపోతే కాపీ ఖరీదు 1035 రూపాయలు పడింది.

వేగంగా పోయినందుకు చలాన్ వెయ్యి సరే, ఆ 35 ఎందుకని కోదాడలో మా అత్తగారు అడిగారు. సర్వీసు ఛార్జీ అండీ అన్నాను. "పట్టుకున్నందుకు కూలి కూడా మనమే ఇవ్వాలా అల్లుడుగారూ?" అన్నారావిడ. నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరుంటే చెప్పండి.

తప్పు ఒప్పుకుంటున్నాను. అక్కడ పరిమితి 40, నేను 61. అయితే ఆ 40 బోర్డు గురించి రెండు ముక్కలు చెప్పుకోనివ్వండి. కంకర దింపడానికి వచ్చిన ఏ టిప్పరు గుద్దిందో గానీ నమస్కారం పెడుతున్నట్టు ముందుకు వంగి ఉంది, సున్నా మీద ఎవరో బోర్లు వేస్తామని ఫోన్ నంబరుతో స్టిక్కర్ అంటించారు. నాకు కనిపించింది 4 ఒక్కటే. గంటకి నాలుగు కిలోమీటర్లంటే నేను దిగి తొయ్యాలి, మా ఆవిడ స్టీరింగు పట్టాలి, అరటిపండు ఎవరు తినాలో తెలీదు.

పోనీ 40 అనే అనుకుందాం. మొదలైనచోట బోర్డుంది, అయిపోయినచోట లేదు. పరిమితి ముగిసిందని చెప్పడానికి తెల్లటి గుండ్రం మీద నల్లగీత ఉన్న బోర్డొకటి ఉంటుందని నేను డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకి చదువుకున్నాను, అది ఆ పుస్తకంలో తప్ప రోడ్డు మీద చూసిన పాపాన పోలేదు. ఈ లెక్కన రూలు పాటించేవాడు బందరు కాలువ కనపడేదాకా 40లోనే పోవాలి.

అసలు పని జరుగుతున్న ఆ రెండు కిలోమీటర్లూ మీరెప్పుడైనా చూశారా? ఎల్బీ నగర్ నుంచి మల్కాపూర్ దాకా ఆరు వరుసలు చేస్తున్నారు, మంచిదే, సంక్రాంతికి ఆ రోడ్డు మీద గంటలు గంటలు నలిగినవాళ్లం, కాదనం. కానీ ఆ డైవర్షన్‌లో రోడ్డు ఎటు తిరుగుతుందో చెప్పేది ఇసక బస్తాలు, సగం తెగి గాలికి కొట్టుకునే ప్లాస్టిక్ రిబ్బను, ఒక తుప్పు డ్రమ్ము. దుమ్ములో ముందు బస్సు వెనక లైటు తప్ప ఇంకేమీ కనపడదు. అక్కడ మీ అవసరమే లేదు, గుంతలే అందరినీ ఇరవైకి దించేస్తాయి. నడుము పట్టేసి, నోట్లో కంకరపొడి నములుతూ బయటపడగానే నల్లగా నిగనిగలాడే కొత్త తారు, మూడు వరుసలు, ఎదురుగా ఖాళీ. కాలు దానంతటదే పడుతుంది సార్. సరిగ్గా అక్కడే వేపచెట్టు, చెట్టు కింద మూడు కాళ్ల మీద మీరు.

పని జరిగేచోట ముందు హెచ్చరిక, తర్వాత మలుపు, తర్వాత పని, చివర మళ్లీ మామూలు రోడ్డులోకి కలవడం, ఇలా భాగాలు చేసి ఎక్కడ ఏ బోర్డు పెట్టాలో చెప్పే మార్గదర్శకాలు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసింది, ఎస్పీ 55 అంటారు. కెమెరాలతో నిఘా పెట్టే రోడ్ల మీద ఆ సంగతి ముందే కనపడేలా బోర్డు పెట్టాలని 2021లో కేంద్రం 167ఏ నిబంధన కూడా తెచ్చింది. వేపచెట్టుకి ముందు నాకు కనపడింది కొబ్బరిబోండాల బోర్డు.

మీరు పని చేసే పద్ధతి కూడా చదివాను. లేజరు మెరుపులు వరసగా పంపి, బండికి తగిలి తిరిగొచ్చే టైమును బట్టి వేగం లెక్కకడతారు. అంటే మీకు కదిలేవాళ్లే దొంగలు. వర్షాకాలం ముందు రోడ్డు మీద పోసి వదిలేసిన కంకరకుప్ప దీపావళికి కూడా అక్కడే ఉంది, మీరు ఎంత గురిపెట్టినా దాని వేగం సున్నా, మీ లెక్కలో అంతకన్నా చట్టానికి లోబడిన పౌరుడు ఈ హైవే మీద లేడు. దాన్ని పోసిన కాంట్రాక్టరుకీ మోటారు వాహనాల చట్టంలో ఒక సెక్షనుంది లెండి, 198ఏ. రోడ్డు ప్రమాణాలు పాటించనందుకు లక్ష దాకా జరిమానా. అయితే దానివల్ల ఎవరైనా చనిపోవాలి, లేదా అవిటివాళ్లు కావాలి. నాకైతే ఎవరికీ ఏమీ కాకుండానే 1035 పడింది.

మా బావమరిది అప్పుడే కట్టొద్దన్నాడు. కట్టకుండా మిగిలిన చలాన్లలో 2022లో కార్లకి సగం తగ్గించారు, 2023 డిసెంబరులో అరవై శాతం తగ్గించారు, ఆగు బావా, ఆషాఢం సేల్ లాగా మళ్లీ వస్తుందన్నాడు. నేను కట్టేశాను. ఆవిడ అరటిపండు ఫోటో ఎవరో చూస్తూ ఉంటారన్న టెన్షన్ నాది.

ఇది రాయడానికి కారణం మాత్రం చలాన్ కాదు. అదేరోజు రాత్రి పదిన్నరకి తిరిగొస్తుంటే వేపచెట్టు కింద ఎవరూ లేరు. అవతలివైపు విజయవాడ పోయే ట్రావెల్స్ బస్సులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తున్నాయి. డైవర్షన్ మూల దగ్గర, లైట్లు లేనిచోట, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు నిలబడ్డాడు. తనకన్నా రెండు సైజులు పెద్దదైన మెరుపు జాకెట్టు, కాళ్లకి హవాయి చెప్పులు, చేతిలో ఎర్రలైటు కర్ర. బస్సు దగ్గరికొచ్చేదాకా కర్ర ఊపుతాడు, అది తగ్గదని తెలియగానే ఇసకబస్తాల వెనక్కి ఒక్క దూకు దూకుతాడు, మళ్లీ ముందుకొస్తాడు. నా కళ్ల ముందే మూడుసార్లు దూకాడు. మూడోసారి ఒక చెప్పు రోడ్డు మీద ఉండిపోయింది, తెచ్చుకోవడానికి రెండు లారీలు పోయేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాడు.

అతనికి ట్రైపాడ్ లేదు, చెట్టు నీడ లేదు, ఎవరి ఫోటో తీసే వీలూ లేదు. మీ లేజరుకి వేగం కొలవడానికి పగటి వెలుతురు అక్కర్లేదని కూడా చదివాను. కాబట్టి చిన్న మనవి. వేపచెట్టు నుంచి ఆ ఇసకబస్తాల దాకా రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, జీపులో అయిదు నిమిషాలు. వచ్చే ఆదివారం రాత్రి పదిన్నరకి ఒక్కసారి అక్కడ నిలబడండి. నన్ను మళ్లీ పట్టుకున్నా ఏమీ అనను, ఈసారి నవ్వుతాను కూడా.

ఇట్లు,
మీ ఫోటోలో ఎడమవైపు ఉన్నవాడు