రాయికి లేజర్, మనిషికి దేవుడు

ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల గెలాక్సీ గ్రానైట్ బ్లాకులో ఒక్క నెర్రె కనబడితే చాలు, కొనేవాడు ధర దించేస్తాడు. అదే నెర్రె క్వారీ గోడలో, కూలీ నెత్తి మీద ఉంటే ఎవరికీ పట్టదు.

గోడకు ఎదురుగా స్టాండు మీద లేజర్ స్కానర్ పెడితే నిమిషాల్లో లక్షల బిందువులు కొలిచేస్తుంది. నెర్రెలు ఎటు వాలాయి, ఎంత ఎడంలో ఉన్నాయి, అన్నీ తేలతాయి. అందుకోసం మనిషి తాడు కట్టుకుని గోడ మీద వేలాడనక్కర్లేదు. రెండు నెర్రెలు కలిసి గుంత వైపు వాలితే, వాటి మధ్య రాయి జారే ప్రమాదముందని ముందే పట్టుకోవచ్చు. కొన్నాళ్లకు మళ్లీ స్కాన్ చేసి పోలిస్తే గోడ కదిలిందో లేదో తెలిసిపోతుంది.

ఇవే కొలతలతో ఎంత సైజు బ్లాకు వస్తుందో, ఎంత వేస్టు డంపుకు పోతుందో యజమాని అంచనా వేసుకోవచ్చు. తవ్విన గుంత కొలిచి, సీనరేజీ (తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము) ఎగ్గొట్టారేమో ప్రభుత్వం చూసుకోవచ్చు. ఆ రెండు లెక్కలకూ టెక్నాలజీ ముద్దే. కూలీ ప్రాణం దగ్గరికొచ్చేసరికి మాత్రం మేస్త్రీ గడ్డపారతో తట్టి, శబ్దం విని, 'ఏం కాదులే' అనడమే గతి.

2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర క్వారీలో రాళ్లు విరిగిపడి ఒడిశా కూలీలు ఆరుగురు పోయారు. ఆ మండలం అప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది కాబట్టి మనది కాదని ఒంగోలు అనుకుంటే అంతకన్నా సిగ్గుచేటు లేదు.

స్కానర్ ఖరీదైనదని, రాయి లోపలిది దానికి కనబడదని అంటారు. నిజమే. పైకి కనబడేదైనా చూస్తున్నామా? పక్కపక్క క్వారీలవాళ్లు కలిసి ఒకటి అద్దెకు తెచ్చుకోలేరా? రాయి కోసే డైమండ్ వైర్ సా యంత్రాలకు దొరికిన డబ్బు దీనికి దొరకదా? గోడలను మెట్లుగా తవ్వాలని, లేదా వాలుగా తవ్వాలని, అదీ కాకుంటే పడకుండా కట్టుదిట్టం చేయాలని 1961 నుంచీ గనుల నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. చీమకుర్తి దగ్గర రామతీర్థం క్వారీల వైపు వెళ్లి గుంత అంచున నిలబడి చూడండి, మెట్లెన్నో, నిట్టనిలువు గోడలెన్నో.

కొలిచిన ప్రతి గుంతకూ నెర్రెల మ్యాప్ కూడా గీయించండి. ఏ గోడ కింద పని చేయకూడదో తెలుగుతోపాటు ఒడియాలో, హిందీలో క్వారీ ఆఫీసు బయట అంటించండి. తుపాన్ల కాలంలోగా చేయండి, నెర్రెల్లోకి నీరు దిగాక రాయి ఎవరి మాటా వినదు. క్యూబిక్ మీటరు తేడా వస్తే నోటీసు పంపే అధికారులు నెర్రెల లెక్క అడగాలంటే ఒడిశాకు ఇంకెన్ని శవాలను పంపాలి?