క్యాంపు మైకు గారికి విన్నపం

గౌరవనీయులైన మైకు గారికి,

హనుమకొండ నుంచి నమస్కారం. నోటితో అనట్లేదు, చేతులు జోడిస్తున్నాం. ఈ ఒక్క సైగ తమరికీ తెలిసే ఉంటుంది.

నిన్నటి వినికిడి లోపం సర్టిఫికెట్ల క్యాంపులో తమరి సేవ అమోఘం. ఒక్కో పేరు మూడుసార్లు పిలిచారు. పలకనివాళ్లకు 'ఆబ్సెంట్' రాయించారు. మనిషేమో మూడో వరుస కుర్చీలోనే ఉన్నాడు, పొద్దుగాల నర్సంపేట బస్సెక్కి వచ్చినోడు. కాగితం మాత్రం కట్ట అడుక్కు పోయింది.

మూడుసార్లు పిలిచినా పలకలేదంటే పరీక్ష అయిపోయినట్టే కదా. సర్టిఫికెట్ చేతిలో పెట్టాలి గానీ ఆబ్సెంట్ రాస్తారా?

మామూలు మాట 60 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని బధిరులని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. వాల్యూమ్ పెంచుతారా? లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లకు చప్పుడు పెరుగుతుందేమో, మాట విడిపడదు. ఆ గరగర మాకే తలనొప్పి.

మూతి చూసి తెలుసుకుంటారులే అన్నారు మీ పక్కనున్న సారు. పాట, బాట, మాట. అద్దం ముందు గొంతు లేకుండా అనమనండి, మూడింటికీ పెదవులు ఒక్కతీరుగానే కలుస్తాయి. క, గ అయితే గొంతు దగ్గరే పుట్టి పెదాలకు చిక్కవు. పైగా సారు మాస్కు తీయలేదు.

ర్యాంపు సంగతి వద్దులెండి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి, అక్కడున్నది జారుడుబండ. దాని మీదా మూడు బండ్లు పార్కింగు. డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం నాడు, వేదిక మీద సైగల దుభాషిని ఫ్లెక్సీ పక్క చీకట్లో నిలబెడతారు, లైటంతా శాలువా మీదే. చేతులూ మొహమూ కనపడకపోతే అది భాషెట్లయితది?

'మీ పేరేంటి'లో ప్రశ్న చివర వచ్చినట్టే భారతీయ సంజ్ఞా భాషలోనూ ప్రశ్న చివరే వస్తది, కనుబొమలతో సహా. ఢిల్లీలోని కేంద్ర సంస్థ 2021 నాటికే 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. క్యాంపుకు పది చాలు: రండి, కూర్చోండి, పేరు, ఆధార్, సంతకం... 'రేపు రా' అన్న సైగ మాత్రం ఆఫీసుల అందరికీ వచ్చు, ఎవరూ నేర్పకుండనే.

చెవిటోని ముంగట శంఖమూదుడు అని సామెత. నవ్వాల్సింది ఊదెటోన్ని చూసి కాదా? ఏ4 కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో టోకెన్ నంబరు రాసి ఎత్తిపట్టు. లేదంటే కంటికి ఆనేటట్టు చెయ్యి ఊపు, భుజం మీద మెల్లగ తట్టు. అదీ కాకుంటే ట్యూబ్‌లైటు రెండుసార్లు ఆర్పి వెలిగియ్యి. స్విచ్చు నీ పక్కనే ఉండె గదనే!

వచ్చే క్యాంపుల నిన్ను మేం పిలుస్తం. చేతులతోని, మూడుసార్లు. చూడకపోతే ఆబ్సెంట్.

ఇట్లు,
మూడో వరుస