వైస్ ప్రెసిడెంటుగారు పెళ్ళిళ్ళకు వస్తున్నారు

గుమస్తా ఉద్యోగం పోతే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. వైస్ ప్రెసిడెంటు ఉద్యోగం పోతే ఆరు నెలలైనా అత్తగారికి తెలియకూడదు. హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా శాసనసభ ఆమోదం లేకుండానే అమలవుతున్న చట్టమిది. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత చిన్న జీతగాళ్ళకే వర్తిస్తుంది. పెద్దవారు అడగరు. అవతలివాడే గ్రహించి, బతిమాలి, తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి.

ఉద్యోగం కావలసినవారు తమ ఫోటో చుట్టూ ఆకుపచ్చ వలయం పెట్టుకునే ఏర్పాటును, ఉద్యోగస్తుల పరిచయాల వెబ్‌సైటు లింక్డిన్ 2020లో తెచ్చింది. కుర్రవాళ్ళు నిస్సంకోచంగా పెట్టుకుంటారు. యాభై దాటిన అధికారి మాత్రం దాన్ని నుదుటి రాతగా ఊరంతటికీ చూపించడానికి ఒప్పుకోడు. 'స్వతంత్ర సలహాదారు' అని రాసుకుని ఊరుకుంటాడు. సలహా ఎవరికిస్తున్నారని అడగడం మర్యాద కాదు.

పెద్ద ఉద్యోగాలకు మనుషులను వెతికిపెట్టే హెడ్‌హంటర్లు లేరా అంటే, ఉన్నారు. వారికి డబ్బిచ్చేది మనిషి కావలసిన కంపెనీ. ఫీజు సాధారణంగా మొదటి ఏడాది జీతంలో మూడో వంతు దాకా ఉంటుంది. కాబట్టి మన సలహాదారుగారు వారికి కక్షిదారు కాదు, సరుకు. కుర్చీలో ఉన్నన్నాళ్ళూ వారానికోసారి ఫోను చేసి కుశలమడిగిన ఆ పెద్దమనుషులే, కుర్చీ పోయిన మర్నాటి నుంచి మీటింగుల్లో మునిగిపోతారు. ఉద్యోగం ఉన్నవాడికే ఉద్యోగం చూపించడం వారి వృత్తిధర్మం.

ఇక మిగిలింది పరిచయాలు. ఈ విషయంలో శాస్త్రమే దారి చూపింది. అమెరికాలో బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారిన మేనేజర్లనూ, వృత్తినిపుణులనూ మార్క్ గ్రానోవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త వివరాలడిగి, 1973లో ప్రచురించాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలిసేవారు 17 శాతం కూడా లేరు. ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో కలిసేవారు దాదాపు 28 శాతం! ప్రాణస్నేహితుడికి మనకు తెలిసిన సంగతులే తెలుస్తాయి, ముఖపరిచయం ఉన్నవాడు వేరే లోకపు కబురు తెస్తాడన్నది ఆయన వివరణ.

ప్రాణస్నేహితుల మీద ఇన్నేళ్ళు పోసిన కాఫీ అంతా వృథా అన్నమాట.

అందుకే వైస్ ప్రెసిడెంటుగారు ఇప్పుడు ప్రతి పెళ్ళికీ వస్తున్నారు. వదినగారి తోడికోడలి తమ్ముడి కూతురి రిసెప్షన్‌లో ముందు వరుసలో కనిపిస్తారు. "మీరంతటివారు తీరిక చేసుకుని వచ్చారు" అని పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకుంటాడు. తీరిక సంగతి ఆయనకేం తెలుసు! పొద్దున్నే కేబీఆర్ పార్కులో నడక కూడా మొదలైంది. ముందు ఎవరు నడుస్తున్నారన్న దాన్ని బట్టి వేగం మారుతుంది.

చిక్కేమిటంటే, ఈ శాస్త్రం అందరూ చదివేశారు. భోజనాల దగ్గర సూటు వేసుకున్న మరో పెద్దమనిషి ఎదురై, ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంటాడు. "మీ వైపు ఎలా ఉందండీ మార్కెట్టు?" "బ్రహ్మాండం. మీ వైపు?" "అంతకంటే బ్రహ్మాండం." కార్డులు మార్చుకుంటారు. రెండింటి మీదా పేరూ, ఫోను నంబరూ మాత్రమే ఉంటాయి. వచ్చే వారం ఏదైనా స్టార్ హోటల్లో కాఫీకి కలుద్దామని ఇద్దరూ గట్టిగా అనుకుంటారు. కలవరు. ఇదివరకు ఆ బిల్లు కంపెనీ కట్టేది.