పలక మీది లెక్కకు జవాబేది?

సముద్రంలో పది మీటర్ల లోతున పలక పట్టి రాసే పని ఒకటుంది. ప్లాస్టిక్ పలక, దానికి తాడుతో కట్టిన పెన్సిల్. నీళ్లలో పెన్ను మొరాయిస్తుంది, పెన్సిల్ రాస్తుంది. సెలవు రోజు చూసుకుని, సొంత ఖర్చుతో సిలిండర్ నింపించుకుని దిగే స్కూబా డైవర్లు తమ దగ్గర్లోని పగడపు దిబ్బ ఎలా ఉందో ఆ పలక మీద రాసి పైకి తెస్తున్నారు. జీతం లేదు, హోదా లేదు. ఈ పని మొదలై మూడు దశాబ్దాలు దాటింది. ఆ లెక్కల మీద ఆధారపడి పెద్ద పెద్ద పరిశోధనలు అచ్చయ్యాయి. తీరాన్ని కాపాడాల్సిన యంత్రాంగాలు మాత్రం చాలాచోట్ల వాటిని ఇంకా సరదా కింద జమకడుతున్నాయి. పలక తీసుకుంటారు, ఫొటో దిగుతారు, థాంక్స్ చెబుతారు. ఆ తర్వాత దిబ్బ సంగతి ఏమైందో రాసినవాళ్లకు కూడా తెలియదు.

శాస్త్రవేత్తలు కానివాళ్ల లెక్కను ఎలా నమ్మాలన్నది అధికారులు అడిగే ప్రశ్న. అడగాల్సిందే. అయితే జవాబు చెప్పాలంటే కొలిచే పద్ధతి చూడాలి.

సముద్ర జీవశాస్త్రవేత్త గ్రెగర్ హాడ్జ్‌సన్ 1996లో మొదలుపెట్టిన రీఫ్ చెక్ అనే సర్వే కార్యక్రమం సంగతే తీసుకుందాం. మరుసటి ఏడాదే 31 దేశాల్లో 300కు పైగా దిబ్బలను వలంటీర్ల చేత కొలిపించారు. దిబ్బ మీద 100 మీటర్ల టేపు పరుస్తారు. అందులో 20 మీటర్ల ముక్కలు నాలుగు, ముక్కకూ ముక్కకూ మధ్య 5 మీటర్ల ఖాళీ. టేపు పరిచే అలికిడికి చేపలు బెదిరిపోతాయి కనుక ఓ పావుగంట ఆగాలి. తర్వాత ఒకరు 5 మీటర్ల వెడల్పు పట్టీలో నెమ్మదిగా ఈదుతూ చేపలు లెక్కపెడతారు. అన్నీ కాదు, ఎంపిక చేసినవే. చిలక చేప 20 సెంటీమీటర్లు దాటితేనే లెక్కలోకి వస్తుంది, గ్రూపర్ 30 దాటితేనే. వల పడితే ముందు మాయమయ్యేవి పెద్దవే మరి. ఇంకొకరు అర మీటరుకోసారి ఆగి టేపు కింద సరిగ్గా ఏముందో రాస్తారు. బతికున్న గట్టి పగడమా, మెత్తటి పగడమా, ఈమధ్యే చచ్చినదా, నాచా, స్పాంజా, రాయా, విరిగిన ముక్కలా, ఇసుకా, బురదా? అలా 160 చోట్ల. దిబ్బ బాగుందా లేదా అని డైవర్‌ని ఎవరూ అడగరు. కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టడమే అతని పని.

ఏవి లెక్కపెట్టాలన్న ఎంపికలోనే తెలివంతా ఉంది. గ్రూపర్లూ లాబ్‌స్టర్లూ కనపడకపోతే వేట మితిమీరిందని అర్థం. సీతాకోక చేపలు తగ్గితే అక్వేరియం వ్యాపారం మీద కన్నేయాలి. నాచు పరుచుకుంటే మురుగో ఎరువుల నీళ్లో కలుస్తున్నాయేమో చూడాలి, విరిగిన పగడపు ముక్కలు ఎక్కువైతే పడవల లంగర్లనో పేలుడు వేటనో అనుమానించాలి. ఏ జాతి తగ్గిందో తెలిస్తే ఏ శాఖను నిలదీయాలో కూడా తెలుస్తుంది. ఆ శాఖలకు ఈ పలకలంటే ఉత్సాహం లేకపోవడానికి అదొక కారణమేమోనని మా అనుమానం.

అమెరికాలోని రీఫ్ అనే సంస్థ 1993 నుంచి డైవర్ల చేత చేపల సర్వే చేయిస్తోంది. ఇప్పటికి రెండు లక్షలకు పైగా సర్వేలు పోగయ్యాయి. అందులో కచ్చితమైన అంకె రాయనక్కర్లేదు. ఒకటే కనిపించిందా, రెండు నుంచి పదా, పదకొండు నుంచి వందా, వందకు పైనా? ఈ నాలుగు గడుల్లో ఒకటి ఎంచుకోవాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసే వీలే లేదు. రాజకీయ సభలకు వచ్చిన జనం లెక్కలకూ ఈ గడులే పెడితే ఎంత బాగుండునో!

ఇక రంగు కార్డు. పగడం కణజాలంలో కంటికి కనపడనంత చిన్న శైవలాలు, అంటే నాచు జాతి జీవులు, కాపురం ఉంటాయి. పగడానికి రంగూ, తిండిలో సింహభాగమూ వాటి చలవే. ఏడాదిలో అత్యంత వేడి నెల సగటు కన్నా నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఆ కాపురం చెడుతుంది. శైవలాలు వెళ్లిపోతాయి, పగడం తెల్లబారుతుంది. అదే బ్లీచింగ్. తెల్లబారిన పగడం ఇంకా చచ్చినట్టు కాదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు. అందుకే ఆ కొద్ది వారాలకు అంత విలువ. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 2002లో పుట్టిన కోరల్ వాచ్, ఆరు ఛాయల రంగు కార్డును డైవర్ల చేతికిచ్చింది. కార్డును పగడం పక్కన పెట్టి, లేత భాగం ఏ ఛాయకు సరిపోతుందో, ముదురు భాగం దేనికి సరిపోతుందో రాయాలి. ఫొటో తీస్తే పోలేదా అంటే, నీరు ఎరుపును మింగేస్తుంది, లోతు మారితే ఫొటోలో రంగూ మారుతుంది. కార్డు మీద పడే వెలుగూ పగడం మీద పడే వెలుగూ ఒకటే కనుక పోలిక చెడదు.

ఉపగ్రహాలు ఉండగా ఈ శ్రమంతా ఎందుకనేవాళ్లూ ఉన్నారు. ఉపగ్రహం సముద్రం పైపొర వేడిని చెబుతుంది. ఆ వేడికి కింద ఏ పగడం తెల్లబారింది, ఏది తట్టుకుంది, తెల్లబారిన వాటిలో ఎన్ని మళ్లీ రంగెక్కాయి అన్నది దిగి చూస్తేనే తెలిసేది. నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ నడుస్తోందని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి ప్రపంచ పగడపు దిబ్బల్లో 84 శాతానికి ఆ స్థాయి వేడి తగిలింది. అన్ని దిబ్బల దగ్గరికీ జీతగాళ్లయిన శాస్త్రవేత్తలను పంపగల ప్రభుత్వం భూమ్మీద లేదు.

వలంటీర్ల లెక్క ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే 2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూడాలి. టాస్మేనియాలో 2007లో మొదలైన రీఫ్ లైఫ్ సర్వే గట్టి శిక్షణ ఇచ్చిన డైవర్లను వాడుకుంటుంది. వాళ్ల సాయంతో గ్రాహం ఎడ్గర్ బృందం ప్రపంచవ్యాప్తంగా 87 సముద్ర రక్షిత ప్రాంతాల్లో 964 చోట్ల లెక్కలు తీసింది. వేట పూర్తిగా నిషేధించడం, నిషేధాన్ని గట్టిగా అమలు చేయడం, పదేళ్లు దాటి ఉండటం, వంద చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణం, చుట్టూ లోతైన నీరో ఇసుకో ఉండి విడిగా ఉండటం... ఈ ఐదు లక్షణాల్లో ఒకటో రెండో మాత్రమే ఉన్నవి 59 శాతం. వాటికీ, మామూలుగా వేట సాగే చోట్లకూ తేడా కనపడలేదు. అంటే బోర్డు పెట్టారు, మ్యాపులో గీత గీశారు, చేపలకు మాత్రం ఆ సంగతి తెలియలేదు. ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకునే రక్షణను పలక పట్టినవాళ్లు పరీక్షించి మార్కులు వేశారు.

కరీబియన్ అనుభవం ఇంకో రకం. అక్కడి దిబ్బల మీద నాచును మేసి పగడాలకు చోటిచ్చేది నల్లటి పొడుగు ముళ్లుండే బంతి లాంటి జీవి, సీ అర్చిన్. 1983లో పనామా దగ్గర మొదలైన తెగులు ఏడాదికి కాస్త అటూ ఇటూగా ఆ సముద్రమంతా పాకి, వాటిని దాదాపు తుడిచిపెట్టింది. కారణమేమిటో తేలనే లేదు. 2022 ఆరంభంలో అవి మళ్లీ చనిపోవడం మొదలైంది. ఈసారి డైవర్ల నుంచి కబుర్లు వెంటవెంటనే వచ్చాయి, నమూనాలు సకాలంలో చేరాయి, 2023లోనే ఒక సూక్ష్మజీవి కారణమని పరిశోధకులు తేల్చారు. ల్యాబులు మెరుగుపడ్డ మాట నిజమే. కానీ సీ అర్చిన్ చచ్చి, ముళ్లు రాలి, ఆనవాలు లేకుండా పోయాక ఎంత మంచి ల్యాబైనా చేయగలిగేది లేదు.

వలంటీర్లను నెత్తిన పెట్టుకోమని మేము అనడం లేదు. నీళ్లలో తేలుతూ ఒకచోట నిలబడటం రాని డైవర్ కాలికి తొడుక్కున్న ఈత రెక్క (ఫిన్) ఒక్క తన్నుతో ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మను విరిచేయగలడు. అలాంటివాళ్ల చేతికి పలక ఇవ్వకూడదు. పైగా డైవర్లకు అందమైన చోట్లంటే మోజు. నీరు మసకగా ఉండి, చేపలు లేని దిబ్బకు రెండోసారి రమ్మంటే సాకులు చెబుతారు. లెక్కకు బలం వచ్చేది మాత్రం అదే చోట, అదే కాలంలో, ఏటేటా దిగితేనే. మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో ఒక మాటన్నారు: ప్రతి తరం తాను మొదట చూసిన సముద్రాన్నే మామూలు సముద్రం అనుకుంటుందని. పాతికేళ్ల కిందటి పలక భద్రంగా ఉంటేనే ఆ భ్రమ వదులుతుంది. ఏటేటా బోసిగా కనిపించే దిబ్బకే వెళ్లి విసుగు లేకుండా రాసేవాళ్లే మా దృష్టిలో అసలైన వలంటీర్లు.

ప్రభుత్వాల విషయంలో మాకు ఇంకో టెన్షన్ ఉంది. ఉచితంగా పని జరుగుతోందని తెలిస్తే ముందు కోత పడేది శాస్త్రవేత్తల ఉద్యోగాలకే. వలంటీర్ అర మీటరుకోసారి రాసిన దాన్ని సరిచూసేవారు, శిక్షణ ఇచ్చేవారు, పరీక్ష పెట్టి తప్పినవాళ్లను వెనక్కి పంపేవారు జీతం మీద పనిచేసేవారై ఉండాలి. పడవ, ఇంధనం, బీమా ఖర్చులైనా ప్రభుత్వం పెట్టుకోవాలి. సొంత డబ్బు పెట్టగలిగినవాళ్లే దిగుతుంటే, ఆ దిబ్బ మీద బతికే మత్స్యకారుల కుటుంబాల పిల్లలు ఎప్పటికీ ఒడ్డునే ఉండిపోతారు.

అన్నిటికన్నా ముఖ్యంగా, పలక అందాక జవాబు రావాలి. ఫలానా దిబ్బలో నాచు పెరిగిందని మూడేళ్లు వరుసగా లెక్క వస్తే, మురుగు ఎక్కడి నుంచి వస్తోందో విచారించామని గానీ, లెక్క తప్పని తేలిందని గానీ గడువు లోపల లిఖితపూర్వకంగా చెప్పాలి. తీరంలో రేవుకో, పూడికతీతకో అనుమతి ఇచ్చేటప్పుడు ఆ చోటి పాత పలకలన్నీ ఫైల్లో జతపరచాలి. బ్లీచింగ్ కబురుకు నెలల గడువు కుదరదు, రోజుల్లో స్పందించాలి. 2010 బ్లీచింగ్ తర్వాత థాయ్‌లాండ్ 2011 జనవరిలో పేరున్న 18 డైవింగ్ చోట్లను మూసేసింది. పర్యాటకం మీద బతికే దేశమే ఆ పని చేసింది. అలాంటి ఉత్తర్వు వస్తే ముందుగా నష్టపోయేది డైవింగ్ వ్యాపారమే, సరదా డైవర్లే. వలంటీర్లు దానికి ఎదురు చెప్పకూడదు. మూసిన నెలల్లో పరీక్ష నెగ్గి, పలక పట్టి వచ్చేవాళ్లను మాత్రం ఆ నీళ్లలోకి దిగనివ్వాలి.